పాఠకుల ప్రశ్నలు: వెలిగినదంతా ఒత్తిడేనా?

గత సంచికలో పార్కిన్సన్స్ వ్యాధి గురించి రాసేటప్పుడు ‘ఆక్సీకరణ ఒత్తిడి’ అన్న మాటను ఒకటి రెండు చోట్ల వాడి, దాన్ని వివరించకుండానే ముందుకు వెళ్లిపోయాను. ఆ లోపాన్ని ఎత్తిచూపుతూ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఆ ఒత్తిడిని పట్టుకోవడానికి పరిశోధకులు వాడే వెలిగే రసాయనాల గురించి అడిగినవే వాటిలో ఎక్కువ. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. మూడేళ్లుగా పార్కిన్సన్స్‌కు మందులు వాడుతున్నారు. మెదడులో ఆక్సీకరణ ఒత్తిడి ఉన్నచోట వెలిగే రసాయనాలు వచ్చాయని ఒక వీడియోలో చూశాను. మా ఊళ్లో ఒక ల్యాబ్ వాళ్లు కూడా ప్యాకేజీలో ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ పరీక్ష చేర్చారు. రెండూ ఒకటేనా? నాన్నగారికి చేయించమంటారా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రెండూ ఒకటి కావు. మీ నాన్నగారి వైద్యం వరకు చూస్తే ఆ రెండింటి అవసరమూ లేదు.

ముందు ఆ ఒత్తిడి ఏమిటో చూద్దాం. మన శరీర బరువులో మెదడు వాటా దాదాపు 2 శాతమే అయినా, పీల్చిన ఆక్సిజన్‌లో సుమారు 20 శాతం అదే ఖర్చు చేస్తుంది. కణాల్లోని మైటోకాండ్రియాలు ఆ ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసే క్రమంలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి ఆక్సిజన్‌కు అంటుకోవడం వల్ల సూపర్ఆక్సైడ్ అనే దుడుకు అణువు పుడుతుంది. దాన్ని ఒక ఎంజైము హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది, ఆ పెరాక్సైడ్‌ను మరికొన్ని ఎంజైములు నీళ్లుగా మార్చేస్తాయి. పుట్టేదానికీ తుడిచిపెట్టేదానికీ లెక్క సరిపోయినంతకాలం ఇబ్బంది లేదు. లెక్క తప్పి, మిగిలిపోయిన అణువులు కణంలోని కొవ్వులను, ప్రోటీన్లను, డీఎన్ఏను దెబ్బతీయడం మొదలుపెడితే ఆ స్థితిని ఆక్సీకరణ ఒత్తిడి అంటాం. పార్కిన్సన్స్‌లో క్షీణించేవి డోపమిన్ అనే సంకేత రసాయనాన్ని తయారుచేసే మెదడు కణాలు; వాటికి ఈ బెడద ఇంకాస్త ఎక్కువ. డోపమిన్ విచ్ఛిన్నమైనప్పుడు కూడా హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది, ఆ ప్రాంతంలో ఇనుమూ ఎక్కువగా ఉంటుంది. ఇనుము, పెరాక్సైడ్ కలిస్తే ఎంత చురుకైన ఆక్సీకరణం జరుగుతుందో హెన్రీ ఫెంటన్ అనే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త 1894లోనే రాశాడు.

మీరు వీడియోలో చూసిన రసాయనాలు ప్రయోగశాలలో పెంచిన కణాల మీద, చేపల మీద, ఎలుకల మీద వాడేవి. పార్కిన్సన్స్‌ను గుర్తించడానికి వాటిని మనిషి మెదడులోకి ఎవరూ ఎక్కించరు. ఇక ల్యాబ్ వాళ్లు చేసేది రక్త పరీక్ష. సాధారణంగా అలాంటి పరీక్షల్లో దెబ్బతిన్న కొవ్వుల నుంచి వచ్చే పదార్థాలనో, రక్తానికి ఉన్న మొత్తం ఆక్సీకరణ నిరోధక శక్తినో కొలుస్తారు. ఆ అంకె పొగతాగే అలవాటు వల్ల, మధుమేహం వల్ల, తిన్న తిండి వల్ల, ముందురోజు చేసిన శ్రమ వల్ల కూడా మారుతుంది. మెదడు అడుగున చిక్కుడు గింజంత చోటులో ఏం జరుగుతోందో అది చెప్పలేదు. ఆ అంకె చూసి నాడీ వైద్యులు పార్కిన్సన్స్‌కు ఇచ్చే లెవోడోపా మందు మోతాదును పెంచరు, తగ్గించరు. ఆ డబ్బుతో ఒక నెల ఫిజియోథెరపీ చేయించడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: ఒత్తిడి ఉందో లేదో ఆ రంగు పదార్థానికి ఎలా తెలుస్తుంది? వెలిగే వెలుగు ఎక్కడి నుంచి వస్తుంది?
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: దానికి ఏమీ తెలియదు. ఈ విషయంలో వచ్చే అపోహలన్నీ ‘తెలుస్తుంది’ అన్న మాట దగ్గరే మొదలవుతాయి. ఒక రసాయన చర్య జరిగితే వెలుగుతుంది, జరగకపోతే వెలగదు. ఆ చర్యకు కారణం ఏమిటో తేల్చుకోవాల్సింది మనం.

దుకాణాల్లో దొంగ నోట్లను పట్టుకోవడానికి పెట్టే ఊదారంగు దీపం కింద మీ తెల్ల చొక్కా చేతిని ఒకసారి పెట్టి చూడండి. చొక్కా నీలంగా మెరుస్తుంది. సబ్బు పొడిలో కలిపే పదార్థం కంటికి కనిపించని కిరణాలను పీల్చుకుని, కనిపించే నీలి వెలుగుగా తిరిగి ఇవ్వడమే దానికి కారణం. దీన్నే ప్రతిదీప్తి అంటారు. క్వినైన్ ద్రావణం ఇలాగే మెరవడాన్ని పరిశీలించిన జార్జ్ స్టోక్స్ 1852లో ఈ గుణానికి పేరు పెట్టాడు.

ఆక్సీకరణను కనిపెట్టే ఈ రసాయనాలను ప్రోబ్‌లు అంటారు. వాటిలో ఎక్కువ భాగం ఈ గుణాన్ని ముందుగా మూసిపెట్టి, తర్వాత తెరుచుకునేలా చేసినవే. అన్నిటికన్నా ఎక్కువగా వాడుకలో ఉన్న డీసీఎఫ్‌డీఏనే తీసుకుందాం. అది కణంలోకి సులువుగా దూరుతుంది. లోపలి ఎంజైములు దాని రెండు కొసలను కత్తిరించగానే మళ్లీ బయటికి రావడం కష్టమవుతుంది. అప్పటికి అది వెలగని పదార్థమే. ఏదైనా ఆక్సీకరణి దాని నుంచి రెండు హైడ్రోజన్లను లాగేసుకుంటే డీసీఎఫ్‌గా మారుతుంది, నీలి కాంతి పడినప్పుడు పచ్చగా మెరుస్తుంది.

ఇంతకన్నా తెలివైన ఏర్పాటును బర్క్‌లీలో క్రిస్టఫర్ చాంగ్ బృందం 2004లో ప్రకటించింది. ఫ్లోరసీన్ అనే రంగుకు రెండు వైపులా బోరాన్ ఉన్న మూతలు బిగించి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వచ్చి ఆ మూతలను తీస్తే తప్ప రంగు వెలగకుండా చేశారు. అదే బృందం 2010లో ఇంకో అడుగు వేసి, మిణుగురు పురుగును వెలిగించే లూసిఫెరిన్‌కే అలాంటి మూత తగిలించింది. లూసిఫెరేజ్ ఎంజైము ఉన్న ఎలుకలో పెరాక్సైడ్ ఆ మూతను తీసిన చోటల్లా మిణుగురు వెలుగు వస్తుంది. బయటి నుంచి దీపం వేయాల్సిన పని లేదు కనుక చర్మం, వెంట్రుకలు వాటంతట అవి మెరిసి లెక్కను పాడుచేసే గొడవ కూడా ఉండదు.

మిణుగురుల మాట వచ్చింది కనుక మనవాళ్ల సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆ వెలుగుకు ఏటీపీ అనే శక్తి అణువు తప్పనిసరి అని విలియం మెక్‌ఎల్రాయ్ 1947లో చూపించాడు. ఆ ఏటీపీని అమెరికాలో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో వేరుచేసి చూపినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దాన్ని కనుగొన్నాడు.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ప్రయోగశాలలో పెంచే ఎస్‌హెచ్‌ఎస్‌వై5వై అనే కణాలకు రొటెనోన్ అనే విషం ఇచ్చి, డీసీఎఫ్‌డీఏ వేసి కొలిచాను. ప్రతిదీప్తి నాలుగు రెట్లు పెరిగింది. ‘రొటెనోన్ వల్ల నాడీకణాల్లో ఆక్సీకరణ ఒత్తిడి పెరిగింది’ అని రాస్తే వైవాకు వచ్చిన బయటి ఎగ్జామినర్ ఒప్పుకోలేదు. ఈ రంగంలో వందల వ్యాసాలు ఇలాగే రాస్తున్నప్పుడు నాది తప్పెలా అవుతుంది?
– విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: మీ కొలత తప్పని ఆయన అని ఉండరు. ఆ కొలత నుంచి మీరు తీసిన వాక్యం దగ్గరే పేచీ. ఆయన పక్షాన నేనూ ఒక మాట చెబుతాను.

పరిశోధన విద్యార్థిగా ఉన్న రోజుల్లో నేనూ ఇదే ప్రయోగం చేశాను. 96 గుంటల నల్ల ప్లేటులో రంగు వేసి, ప్లేట్ రీడర్ ఖాళీ అయ్యేదాకా బల్ల మీద ట్యూబ్‌లైటు కింద పెట్టి టీకి వెళ్లాను. తిరిగి వచ్చి కొలిస్తే మందు ఇచ్చిన గుంటలు బాగా మెరిశాయి. సంతోషం కాసేపే నిలిచింది. మందు ఇవ్వని గుంటలూ మెరిశాయి, చివరి వరుసలో కణాలే లేకుండా ఉత్త రంగు నీళ్లు పోసిన గుంటలు కూడా మెరిశాయి. గది వెలుగుకే ఆ రంగు ఆక్సీకరణం చెందింది. మర్నాడు ప్లేటుకు అల్యూమినియం రేకు చుట్టి మళ్లీ చేస్తే, ముందురోజు చూసి మురిసిపోయిన పెరుగుదలలో పెద్ద భాగం మాయమైంది. ఖాళీ గుంటలు పెట్టి ఉండకపోతే ఆ మొదటి అంకెలే నా నోట్‌బుక్‌లో మిగిలేవి.

అది నా అజాగ్రత్త, రేకు చుడితే పోయింది. రేకు చుట్టినా పోని చిక్కులు ఇంకా ఉన్నాయి. డీసీఎఫ్‌డీఏను అందరూ హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు కొలమానంగా చెబుతారు గానీ, ఉత్త పెరాక్సైడ్‌తో అది చర్య జరిపే వేగం దాదాపు లేనట్టే. మధ్యలో ఇనుమో, పెరాక్సిడేజ్ ఎంజైమో, సైటోక్రోమ్ సి అనే ప్రోటీనో ఉండి తీరాలి. మీ ప్రయోగానికి సరిగ్గా ఇక్కడే దెబ్బ. రొటెనోన్ మైటోకాండ్రియాను అడ్డుకుని కణాన్ని చావు దారి పట్టిస్తుంది. ఆ దారిలో పడిన కణం మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ సిని బయటికి వదులుతుంది. అంటే పెరాక్సైడ్ ఏమాత్రం పెరగకపోయినా, చనిపోతున్న కణంలో రంగు వెలగడానికి కావలసిన సరంజామా సిద్ధమవుతుంది. మీరు చూసిన నాలుగు రెట్లలో ఎంత ఒత్తిడి వల్ల వచ్చిందో, ఎంత చావు వల్ల వచ్చిందో ఆ పచ్చని వెలుగు విడదీసి చెప్పలేదు. నాడీకణాలు క్షీణించే వ్యాధుల పరిశోధనలో ఈ రంగు మీద నాకున్న ప్రధాన అభ్యంతరం ఇదే. కణాలు చనిపోయే చోట వాడటానికే దీన్ని తెస్తాం, ఆ చోటే ఇది నమ్మదగినది కాకుండా పోతుంది. పైగా ఈ రంగు సగం ఆక్సీకరణం చెందిన దశలో ఆక్సిజన్‌తో కలిసి తానే సూపర్ఆక్సైడ్‌ను పుట్టిస్తుంది. దొంగను వెతకడానికి వచ్చినవాడే జేబులు కొట్టినట్టు, కొలవాల్సిన దాన్ని కొలిచే పదార్థమే తయారుచేస్తుంది.

అయితే ఇంకో రంగు వాడతాను అంటారేమో. వాటి కథలూ వాటికి ఉన్నాయి. సూపర్ఆక్సైడ్‌కు వాడే డైహైడ్రోఎథిడియం నుంచి రెండు ఎర్రని పదార్థాలు వస్తాయి. వాటిలో ఒకటే సూపర్ఆక్సైడ్‌కు గుర్తు. మైక్రోస్కోపుకు రెండూ ఒకే ఎరుపు, పదార్థాలను విడదీసే హెచ్‌పీఎల్‌సీ అనే పద్ధతితో వేరుచేస్తే గానీ తేడా తెలియదు. మైటోకాండ్రియాలోని సూపర్ఆక్సైడ్‌కు వాడే మైటోసాక్స్ అనే రంగుకు ధనావేశం తగిలించి ఉంటుంది. మైటోకాండ్రియా పొరకు ఉన్న విద్యుత్ తేడాయే దాన్ని లోపలికి లాగుతుంది. రొటెనోన్ ఆ తేడానే మార్చేస్తుంది కనుక, వెలుగు మారినప్పుడు మారింది సూపర్ఆక్సైడో, లోపలికి చేరిన రంగు పరిమాణమో తేల్చుకోవాలి. నేను పైన మెచ్చుకున్న బోరాన్ మూతలను కూడా పెరాక్సీనైట్రైట్ అనే అణువు హైడ్రోజన్ పెరాక్సైడ్ కన్నా దాదాపు పది లక్షల రెట్లు వేగంగా తీసేస్తుంది.

మరి ఏం చేయాలి? కణాలు లేని గుంటలు, రంగు లేని గుంటలు, కణాలు లేకుండా రంగులో రొటెనోన్ మాత్రమే కలిపిన గుంటలు తప్పక పెట్టండి. పెరాక్సైడ్‌ను నాశనం చేసే కెటలేజ్‌ను కణంలోకి చేరే రూపంలో ఇస్తే వెలుగు తగ్గుతుందో లేదో చూడండి. అది తగ్గకపోతే మీరు చూస్తున్నది పెరాక్సైడ్ కాదు. ఎన్‌ఏసీ అనే ఆక్సీకరణ నిరోధకం ఇస్తే తగ్గింది కనుక రుజువైందనే వాదన పరీక్షకు నిలవదు, ఎందుకంటే ఎన్‌ఏసీ కణంలో ఇంకా చాలా పనులు చేస్తుంది. ప్రతి గుంటలో బతికి ఉన్న కణాల సంఖ్యతో లెక్కను సరిచేయండి. వేరే సూత్రం మీద పనిచేసే రెండో ప్రోబ్‌ను గానీ, దెబ్బతిన్న కొవ్వు నుంచి వచ్చే 4-హైడ్రాక్సీనోనెనాల్ వంటి గుర్తును గానీ జోడించండి. ఇవేవీ చేసే వ్యవధి లేకపోతే ‘డీసీఎఫ్ ప్రతిదీప్తి నాలుగు రెట్లు పెరిగింది’ అని మాత్రమే రాయండి, ఆ వాక్యాన్ని ఏ ఎగ్జామినరూ కొట్టివేయలేరు. మీరన్నట్టు వందల వ్యాసాల్లో ఆ పొరపాటు ఉన్న మాట నిజమే. అందుకే కేంబ్రిడ్జ్‌కు చెందిన మైకేల్ మర్ఫీ మొదలైనవారు 2022లో ఈ కొలతలకు మార్గదర్శకాలు రాయాల్సి వచ్చింది. వాటిని మీ గైడ్‌గారితో కలిసి చదవండి.

మీరు ‘నాడీకణాలు’ అన్న ఆ కణాలు ఒక చిన్నపాప క్యాన్సర్ గడ్డ నుంచి 1970లో మొదలైన వంశానివి. అవి విభజన చెందుతూనే ఉంటాయి. మన మెదడులోని డోపమిన్ కణాలు విభజన చెందవు. శీర్షికలో ‘నాడీకణాల వంటి కణాలు’ అని మార్చుకుంటే మంచిది.

ప్రశ్న: ఒత్తిడిని చూడగలిగినప్పుడు దాన్ని తగ్గించే విటమిన్ మాత్రలు ఇచ్చి వ్యాధిని ఆపవచ్చు కదా! ఇంత పరిశోధన జరిగినా అది ఎందుకు కుదరలేదు?
– విశ్రాంత ఉపాధ్యాయులు, రాజమహేంద్రవరం

జవాబు: ప్రయత్నించకపోలేదు మాస్టారూ. అమెరికా, కెనడాల్లో 800 మంది తొలిదశ పార్కిన్సన్స్ రోగులతో జరిగిన డేటాటాప్ అనే పెద్ద పరీక్షలో రోజుకు 2000 యూనిట్ల విటమిన్ ఇ ఇచ్చి చూశారు. దాని వల్ల ప్రయోజనం లేదని 1993లో తేలింది. అయితే మీ ప్రశ్నకు దానికన్నా దగ్గరగా వచ్చే కథ ఇంకొకటి ఉంది. దాన్ని కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అందులో కొలత కూడా మంచిదే.

షికాగోలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ సర్మియర్ బృందం బయటి నుంచి రంగు వేయకుండా, ఎలుకల డోపమిన్ కణాల మైటోకాండ్రియాలోనే ఆర్‌ఓజీఎఫ్‌పీ అనే వెలిగే ప్రోటీన్ తయారయ్యేలా జన్యువును చేర్చింది. ఇది జెల్లీ చేపలో దొరికిన పచ్చ ప్రోటీన్‌కు మార్పు చేసిన రూపం. ఆ జెల్లీ చేప ప్రోటీన్‌కే షిమోమురా, చాల్ఫీ, చెన్‌లకు 2008లో నోబెల్ వచ్చింది. ఆర్‌ఓజీఎఫ్‌పీలో రెండు గంధకపు కొసలు పక్కపక్కనే ఉంటాయి. ఆక్సీకరణ పెరిగితే అవి ముడిపడతాయి, తగ్గితే ముడి విడిపోతుంది. ముడి ఉన్నప్పుడు ఒక రంగు కాంతికి, లేనప్పుడు మరో రంగు కాంతికి అది బాగా స్పందిస్తుంది కనుక, ఆ రెండింటి నిష్పత్తిని చూస్తే సరిపోతుంది. కణంలో ప్రోటీన్ ఎక్కువ ఉందా తక్కువ ఉందా అన్నది లెక్కను పాడుచేయదు. డీసీఎఫ్‌డీఏలా ఒకసారి వెలిగితే ఇక ఆరనిది కాదు, ఒత్తిడి తగ్గితే ఇదీ వెనక్కి వస్తుంది. ప్రతి కొలత చివర్లో పూర్తిగా ముడి విప్పే మందు, పూర్తిగా ముడి వేసే మందు ఇచ్చి రెండు హద్దులనూ గీసుకోవచ్చు. అందుకే నన్నడిగితే ఈ రంగంలో నమ్మదగిన పని ఎక్కువగా ఇలాంటి ప్రోటీన్లతోనే జరిగింది.

2010లో వాళ్లు ప్రకటించిన ఫలితం ఇది. పార్కిన్సన్స్‌లో క్షీణించే డోపమిన్ కణాలు ఎవరూ పురమాయించకుండానే సెకనుకు కొన్నిసార్లు స్పందిస్తూ ఉంటాయి. అలా స్పందించిన ప్రతిసారీ కాల్షియం లోపలికి వస్తుంది, దాన్ని బయటికి తోడిపోయడానికి మైటోకాండ్రియా శ్రమ పడాలి, ఆ శ్రమలోంచే ఆక్సీకరణ ఒత్తిడి పుడుతోంది. పక్కనే ఉండి, వ్యాధిలో అంతగా దెబ్బతినని డోపమిన్ కణాల్లో అది కనిపించలేదు. డీజే-1 అనే జన్యువు లేని ఎలుకల్లో ఒత్తిడి ఇంకా పెరిగింది. ఆ జన్యువు దెబ్బతిన్న మనుషులకు చిన్న వయసులోనే పార్కిన్సన్స్ వస్తుంది. రక్తపోటుకు వాడే ఇస్రాడిపిన్ అనే మందు కాల్షియం దారిని మూసినప్పుడు ఒత్తిడి తగ్గింది. ఇంతకన్నా పొందికైన కథ ఈ రంగంలో అరుదు.

అప్పటికే వాడుకలో ఉన్న మందు కనుక రోగుల మీద పరీక్షించడం సాధ్యమైంది. 336 మంది తొలిదశ రోగుల్లో కొందరికి ఆ మందు, కొందరికి ఉత్త మాత్ర మూడేళ్ల పాటు ఇచ్చారు. 2020లో ఫలితం ప్రచురించారు. రెండు గుంపుల్లోనూ వ్యాధి ఒకే తీరుగా ముదిరింది.

ఎలుక మెదడు ముక్కలో కనిపించిన వెలుగు అబద్ధమని దీని అర్థం కాదు. మనిషిలో చేతి వణుకు బయటపడే నాటికే ఆ కణాల్లో చాలా భాగం పోయి ఉంటాయి. ఇచ్చిన మోతాదు మెదడులో చాలినంత పని చేసిందా అన్న ప్రశ్నా ఉంది. దాన్ని తేల్చాలంటే రోగి మెదడులో ఒత్తిడి తగ్గిందో లేదో కొలవాలి, అక్కడ కొలిచే సాధనం లేదు. ఎలుకలో ఉన్న వెలుగు మనిషిలో లేకపోవడం వల్ల వచ్చే చిక్కు ఇదే. మందు గురి తప్పిందా, లేక గురే తప్పా అని చెప్పలేక పరీక్ష ముగిసిపోతుంది. ఏఎల్ఎస్ అనే మరో క్షీణత వ్యాధికి ఎడరవోన్ అనే ఆక్సీకరణ నిరోధక మందును జపాన్‌లో 2015లో, అమెరికాలో 2017లో ఆమోదించారు గానీ, దాని వల్ల కలిగే మేలు పరిమితం.

ప్రశ్న: అయితే ఈ ప్రోబ్‌లతో మనిషి మెదడును ఎప్పటికైనా చూడగలరా?
– వైద్య విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: వెలుగు రూపంలో కష్టమే. ఎలుక పుర్రె అర మిల్లీమీటరు మందం కూడా ఉండదు. మన పుర్రె అంతకు ఎన్నో రెట్లు మందం, పైన నెత్తి చర్మం ఉంటుంది, డోపమిన్ కణాలేమో మెదడు అడుగున ఉంటాయి. కణజాలంలో తేలిగ్గా దూసుకుపోయేవి 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య ఉండే ఎరుపు, పరారుణ కిరణాలు. అవి కూడా అంత లోతుకు వెళ్లి స్పష్టమైన బొమ్మను తిరిగి తేలేవు. ఆ కిరణాల్లో వెలిగే ప్రోబ్‌లను తయారుచేసే పని మన దేశంలోనూ జరుగుతోంది. బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత శాస్త్ర పరిశోధనా కేంద్రంలో టి. గోవిందరాజు బృందం అల్జీమర్స్ వ్యాధిలో మెదడులో పేరుకునే అమైలాయిడ్ అనే ప్రోటీన్ మీద అలాంటి ప్రోబ్‌లను రూపొందించింది. వాటి పని ఇప్పటికి ప్రయోగశాల వరకే.

వెలిగే రంగు వెలుగును వదులుకుని రోగి దగ్గరకు చేరిన సందర్భం మాత్రం ఒకటి ఉంది. థయోఫ్లావిన్ టీ అనే పసుపు రంగు అమైలాయిడ్‌కు అతుక్కుని మెరుస్తుంది. దానికున్న ధనావేశం వల్ల అది రక్తం నుంచి మెదడులోకి దూరలేదు. పిట్స్‌బర్గ్‌లో విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ ఆ ఆవేశాన్ని తీసేసి, అణువులో రేడియోధార్మిక కార్బన్-11ను పెట్టారు. వెలుగుకు బదులు పెట్ స్కానర్ పట్టుకునే కిరణాలు వచ్చాయి. స్వీడన్‌లోని ఉప్సలాలో రోగులకు తీసిన ఆ స్కాన్లు 2004లో అచ్చయ్యాయి. ఆక్సీకరణ ఒత్తిడికి కూడా జపాన్‌లోని ఫుకుయి విశ్వవిద్యాలయం వారు రేడియోధార్మిక రాగి ఉన్న ఏటీఎస్ఎం అనే అణువును పార్కిన్సన్స్ రోగుల మీద వాడి చూశారు. కార్బన్-11 ప్రతి 20 నిమిషాలకూ సగానికి తగ్గిపోతుంది కనుక దాన్ని తయారుచేసే సైక్లోట్రాన్ యంత్రం ఆసుపత్రి ఆవరణలోనే ఉండాలి. ఆ రాగికి ఉన్న వ్యవధి దాదాపు 10 నిమిషాలే. రోగిని స్కానర్ బల్ల మీద పడుకోబెట్టాకే మందును సిద్ధం చేసుకోవాలి.